అక్క వీపులో చుట్టాలు

నూకమ్మ మామ్మ పోయిందని అక్క ఫోన్ చేసే సమయానికి నా మెడకి నాలుగు వైర్లు అంటించి ఉన్నాయి. విశాఖపట్నంలో మా ఆఫీసుకి రెండు వీధుల అవతలున్న ఫిజియోథెరపీ క్లినిక్కు అది. కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని మెడ బిగుసుకుపోతే వెళ్ళాను. నొప్పి పదికి ఎంత అని అక్కడి డాక్టరు అడిగితే నాలుగు అన్నాను. లెక్కలకు సంబంధించిన ఏ విషయంలోనూ నేను నాలుగు దాటింది లేదు. ఫోన్ మాట్లాడి పెట్టేశాక ఆయన మళ్ళీ అడిగాడు. ఏడు అన్నాను. ఆయన మెషీన్ వైపు అనుమానంగా చూసి కరెంటు తగ్గించాడు. తప్పు మెషీన్‌ది కాదని చెప్పబోయి ఊరుకున్నాను.

ఫోన్లో అక్క పెద్దగా ఏడవలేదు. "పొద్దున్నే పోయిందంట. నిద్దట్లోనే" అంది. ఆ తర్వాత, "పేపర్లకి ఏటేటో రాస్తావు కదా, ఆవిడ గురించి రాయి" అంది. ఆవిడ గురించి రాస్తే నీ గురించి కూడా రాయాలి కదా అన్నాను. "రాయి. కాపోతే నీ సొంతం కలపకు" అంది. కలపకుండా రాయడం నాకు చేతకాదని అక్కకి తెలుసు. తెలిసే అనుమతి ఇచ్చింది కాబట్టి రాస్తున్నాను.

మేము అప్పుడు నర్సీపట్నంలో చర్చి వెనక వీధిలో ఉండేవాళ్ళం. గాలి అటు తిరిగితే జీడిగింజలు కాల్చే ఘాటు వాసన, ఇటు తిరిగితే ఎదురింటి వాళ్ళ గేదెల వాసన; రెండూ లేని రోజు ఊళ్ళో ఏదో జరిగిందని అనుమానం వచ్చేది. నాన్న ప్రైమరీ స్కూల్లో హెడ్మాస్టరు, చర్చి సంఘానికి సెక్రటరీ. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధులు, మూడింటి రిజిస్టర్లూ మా ఇంట్లోనే ఉండేవి. సాయంత్రం వరండాలో బల్ల ముందు కూర్చుని వాటిని ఆయన గుండ్రటి దస్తూరీతో రాస్తుంటే, ఊరి మొత్తానికి పుట్టడానికీ పోవడానికీ ఈయన సంతకమే కావాలన్నట్టుండేది. అమ్మ సండే స్కూల్లో పిల్లలకి పాటలు నేర్పేది. నేను ఇంటర్ లెక్కల పరీక్ష మూడోసారి రాయడానికి సిద్ధమవుతున్నాను; అంటే ఇంట్లో ఖాళీగా ఉన్నానని అర్థం. అక్క పేరు కరుణ. నాకంటే ఆరేళ్ళు పెద్దది. హైస్కూల్లో ఖోఖో ఆడేది. రెండు చేతులా రెండు బిందెలు పట్టుకుని మెట్లెక్కుతూ, నేను వెనక నుంచి వేసే జోకులకి ఒలకకుండా నవ్వేది. నాకు శాంతి అని పేరు పెట్టిన అమ్మానాన్నలు పొరపాటు తెలుసుకునేసరికి ఆలస్యమైపోయింది. ఇంట్లో నాకున్న ఒకే ఒక్క ఉద్యోగం అక్కని నవ్వించడం. అందులో మాత్రం ఎప్పుడూ తప్పలేదు.

మా వైపు పురుడంటే ముగ్గురు మనుషులు కావాలి: తల్లి, బిడ్డ, నూకమ్మ మామ్మ. తండ్రి ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు. మామ్మ గొలుగొండ రోడ్డు చివర ఉండేది. పొట్టి మనిషి. చేతులు మాత్రం ఎవరో పొడుగాటి మనిషి దగ్గర అడిగి తెచ్చుకున్నట్టు పెద్దవి, బొటనవేళ్ళు వెడల్పుగా, చివర్లు చదునుగా ఉండేవి. బిడ్డ పుట్టిన మూడో రోజు నుంచి ఇరవై ఒక్క రోజులు ఆవిడ తెల్లారేసరికి వచ్చేది. వాము, వెల్లుల్లి వేసి కాచిన నువ్వుల నూనెతో తల్లిని మడమ నుంచి మెడ దాకా రుద్దేది. తర్వాత వావిలాకు వేసి మరిగించిన నీళ్ళు, ఒళ్ళు ఓర్చుకునే వేడి కంటే ఇంకో చెంబెడు వేడిగా, నడుం మీద చరిచినట్టు పోసేది. పాత నేతచీర చింపి పొట్టకి బిగించి కట్టేది. సాంబ్రాణి పొగ, ఆ తర్వాత వెల్లుల్లి కారంతో వేడన్నం. ఇదంతా అయ్యాక బిడ్డని చాచిన కాళ్ళ మీద వేసుకుని నలుగు పెట్టి, ముక్కు లాగి, తల గుండ్రంగా ఒత్తేది. మమ్మల్నిద్దర్నీ అలా ఒత్తింది ఆవిడే. నా ముక్కు ఇలా ఉండటానికి కారణం నువ్వేనని నేనంటే, "నాను సరిగ్గానే లాగినాను, నీ ముక్కే ఒప్పుకోనేదు" అనేది.

పెళ్ళై వెళ్ళిన అక్కకి ఐదో నెల రాగానే అమ్మ ఆవిడకి చెప్పి ఉంచింది. అక్క చుట్టపుచూపుగా వచ్చినప్పుడు మామ్మ వచ్చి పాదాలు చూసి, పిక్కలు నొక్కి, "నీ ఒళ్ళు బాగా సెప్పిన మాట వింటాది" అని మెచ్చుకుని వెళ్ళింది. పురిటికి అక్క అత్తారి ఊరు పాయకరావుపేట నుంచి మా ఇంటికి వచ్చేసింది. బావ అక్కడే ఎలక్ట్రికల్ షాపులో పనిచేసేవాడు.

పాప ఊపిరి తీసుకోలేదు. దాని గురించి ఇంతకంటే రాయడానికి నాకు తెలిసింది కూడా ఏమీ లేదు, ఎందుకంటే ఎవరూ ఏమీ చెప్పలేదు. నాన్న, బావ కలిసి పాపని ఆసుపత్రి నుంచి తిన్నగా సమాధుల తోటకి తీసుకెళ్ళారు. అక్కకి చూపించవద్దని పెద్దవాళ్ళు అనుకున్నారు. చూస్తే తట్టుకోలేదన్నారు. చూడకపోతే ఎలా తట్టుకుంటుందో ఎవరూ అనుకోలేదు. మూడో రోజు అక్కని ఇంటికి తెచ్చాం. ఆ సాయంత్రమే అమ్మ పాలబ్బాయి చేత నూకమ్మ మామ్మకి కబురు పెట్టింది, రావద్దని.

అమ్మది చెడ్డ మనసు కాదు. రుద్దడం, నీళ్ళు పోయడం, సాంబ్రాణి, ఇవన్నీ మాకు బిడ్డ ఉన్న ఇంటి పనులు. పక్కన బిడ్డ లేకుండా ఆ నూనె వాసన, ఆ పొగ అక్క ముందుకి తీసుకురావడం అమ్మకి కసాయితనంలా అనిపించింది. కానీ దాంతో ఒక చిక్కొచ్చి పడింది. అక్కని బాలింత అనడానికి లేదు. రోగి అనడానికీ లేదు. రెండూ కాని మనిషికి ఏం వండాలో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒకరోజు అమ్మ పత్యం పెట్టేది, మర్నాడు అది తప్పేమో అనిపించి వంకాయ కూర పెట్టేది, ఆ మర్నాడు భయపడి మళ్ళీ వెల్లుల్లి కారం పెట్టేది. అక్క ఏది పెట్టినా రెండు ముద్దలు తిని గోడ వైపు తిరిగేది.

సంఘం వాళ్ళు మాత్రం లోటు చేయలేదు. రోజూ సాయంత్రం ఐదింటికి స్త్రీల ప్రార్థన గుంపు వచ్చేది. ఒక్కొక్కరూ బిస్కెట్ ప్యాకెట్టో, పాలల్లో కలుపుకునే పొడి సీసానో తెచ్చేవారు. పది రోజులకి మా అలమారా చిన్న కిరాణా కొట్టులా తయారైంది. ప్రార్థన అయ్యాక ప్రతివాళ్ళూ తమకు పోయిన బిడ్డల గురించి చెప్పేవారు. ఓదార్చడానికే చెప్పేవారు. కానీ ముగ్గురు పోయినావిడ మొదలుపెడితే, ఒక్కరే పోయినావిడ కొంచెం చిన్నబుచ్చుకుని ఊరుకోవడం నేను చూశాను. ఆ మాట రాత్రి అక్కకి చెప్పాను. అంతకు ముందైతే ఆ ఒక్క మాటకి దిండులో మొహం పెట్టి పావుగంట నవ్వేది. అక్క నా వైపు చూసి, "నిద్రపో" అంది. నా ఉద్యోగం పోయిందని ఆ రోజు నాకు అర్థమైంది.

బావ ఆదివారాలు బస్సులో వచ్చేవాడు. అక్క మంచం పక్కన కుర్చీలో, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని ఫోటో తీయించుకోవడానికి కూర్చున్నట్టు కూర్చునేవాడు. ఐదు నిమిషాలయ్యాక లేచి, ఇంట్లో ఏ స్విచ్చు వదులైందో చూసేవాడు. ఆ నెలలో మా ఇంట్లో ఫ్యాన్లన్నీ చప్పుడు మానేశాయి. ఎప్పుడూ వెలగని మెట్ల దగ్గర బల్బు కూడా వెలిగింది. ఏం మాట్లాడాలో తెలియని మగవాళ్ళ వల్ల ఇళ్ళకి మేలే జరుగుతుంది.

అక్క ఎడం పక్కకి తిరిగి, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పడుకునేది. అలా పడుకుని పడుకుని అలాగే బిగుసుకుపోయింది. స్నానాల గదికి లేచినప్పుడు కూడా కింద పడిన వస్తువేదో వెతుకుతున్నట్టు వంగి నడిచేది. పాలు గడ్డకట్టి జ్వరం వస్తే డాక్టరమ్మ వచ్చి చూసి, లోపల అంతా మానిందనీ, ఇక నడిపించాలనీ, ఇలాగే వదిలేస్తే మనిషి మంచానికి అతుక్కుపోతుందనీ అమ్మతో గుమ్మం బయట చెప్పి వెళ్ళింది. అమ్మ లోపలికొచ్చి, "కొంచెం నడమ్మా" అంది.

"ఎక్కడికి?" అంది అక్క.

అమ్మ ఖాళీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. నా దగ్గర మూడు జోకులున్నాయి. వాటిని బయటికి తీయలేదు.

ఇంకొన్నాళ్ళకి, ఒక పొద్దున్న నూకమ్మ మామ్మ తనంత తానే వచ్చింది. చేతిలో నూనె సీసా, చంకలో వావిలాకు కట్ట. గేటు తీసుకుని వచ్చి, వరండాలో నాన్నకి దండం పెట్టి, అమ్మ ముందు నిలబడింది.

"ఇరవయ్యొక్క రోజులు సూసినాను, కబురొస్తాదేటోనని. పిల్ల పోతే తల్లి కూడా పోయినట్టేనేటమ్మా మీకు?"

అమ్మ కళ్ళు అప్పటికే తడిగా ఉన్నాయి. "అది కాదప్పా. బిడ్డే లేనప్పుడు నువ్వొచ్చి ఏటి చేస్తావని..."

"నాను రుద్దేది బిడ్డ ఉందో నేదో సూసా? తొమ్మిది నెల్లు మోసినాది ఆ ఒళ్ళు. కన్నాది. పాలొచ్చినాయి. పిల్ల నేదని ఒంటికి ఎవులైనా సెప్పినారేటి? దానికి రావల్సింది దానికి ఇయ్యాల." అని, నా వైపు తిరిగి, "సాంతీ, పొయ్యి మీద నీలెట్టు. బేగి. సూస్తా నిలబడితే కాగవు" అంది.

నాన్న లేచి నిలబడ్డాడు. ఆయనకున్న ఇబ్బంది వేరే. మామ్మ రుద్దేటప్పుడు నోట్లో తన దేవత పేరేదో గొణుక్కుంటుందని ఊరందరికీ తెలుసు. సంఘం సెక్రటరీ ఇంట్లో, ప్రార్థనలు జరిగే గదిలో అది ఎలా కుదురుతుంది? అయినా వద్దనే మాట నాన్న నోట్లోంచి రాలేదు. చివరికి ఎవరూ మాట్లాడుకోకుండానే ఒక ఒప్పందం కుదిరింది. లోపల మామ్మ గొణిగినంతసేపూ బయట వరండాలో నాన్న కీర్తనల గ్రంథం చదివేవాడు. ఆవిడ గొంతు పెంచితే ఈయనా పెంచేవాడు. అక్క వీపు మీద అలా రెండు వైపుల నుంచీ పని జరిగింది. ఎవరి వాటా ఎంతో నాకు తెలియదు.

మొదటి రోజు మామ్మ అక్కని చాప మీద బోర్లా పడుకోమంది. అక్క కదల్లేదు. "తొంగో తల్లీ. మాటాడక్కర్నేదు. నీతో నాకు పన్నేదు, నీ ఈపుతోనే పని" అంది. అలా అంటే ఎవరైనా కాదనలేరు. అక్క పడుకుంది. మామ్మ అరచేతుల్లో నూనె వేడి చేసుకుని, మెడ దగ్గర మొదలుపెట్టి, వెన్నుకి ఇటూ అటూ బొటనవేళ్ళు దింపుకుంటూ పోయింది. తోమడం కాదు అది. లోపలికి వెళ్ళడం. ఒకచోట ఆగింది. బొటనవేలు అక్కడే ఉంచి బరువు వేసింది. అక్క మూలిగింది. దాదాపు నెలరోజుల్లో అక్క నోట్లోంచి ఒకరు అడగకుండా వచ్చిన మొదటి శబ్దం అది.

"ఇది మీ అత్త" అంది మామ్మ.

అక్క తల కొంచెం ఎత్తింది.

"మెడ కింద కూకున్నాది సూడు. గట్టి మనిసి. అంత బేగి పోదు." ఇంకా నొక్కింది. చర్మం కింద ఏదో పక్కకి జరగడం నాకు కనిపించింది. "ఆఁ, లెగిసింది. ఇదిగో ఇది మీ బావ... కాదు, మీ ఆయన. మెత్తగున్నాడు, పాపం. ఇటు పక్క ఈ సన్నది ఎవులు? ఆ బిస్కట్లు తెచ్చీ ఆడోళ్ళు కావాల. ఒకటి కాదు, వరసగా ఆరున్నాయి."

కండల్లో కట్టిన ముడులకి చుట్టాల పేర్లు పెట్టడం ఆవిడ పద్ధతి. బాలింతలందరికీ అలాగే చేసేదట. ఊళ్ళో ఎవరింట్లో ఏ కోడలికి ఎవరితో పడటం లేదో మామ్మకి బొటనవేళ్ళతోనే తెలిసిపోయేది. ఆ పేర్లు ఆవిడ ఆ గది దాటించేది కాదు. దాటించి ఉంటే మా వీధిలో సగం కాపురాలు నిలబడేవి కాదు. అసలు ముడికి పేరు పెట్టడంలో మహత్తేమీ లేదని ఇప్పుడు నాకు తెలుసు. ఎక్కడ నొప్పో వేలితో చూపించగలిగితే మనిషికి కొంత తేలికవుతుంది. అంతే. కానీ ఆ రోజు అత్తగారి మీద పడ్డ బరువుకి అక్క భుజం ఒక బెత్తెడు కిందకి దిగడం నేను కళ్ళారా చూశాను.

రుద్దడం అయ్యాక పడుకోనిచ్చేది కాదు. "లెగు. గోడకి రెండు సేతులూ ఆనించి తొయ్యి. ఇల్లు కూలగొట్టాలన్నట్టు తొయ్యి." తోసింది. "నూతి దగ్గిరకి పద. ఒక్క సేద తోడు." తోడింది. మర్నాడు రెండు. వారానికి తొట్టె నిండేది. తర్వాత రుబ్బురోలు ముందు పీట వేసి కూర్చోబెట్టి పప్పు రుబ్బించింది. గుంజీలు తీయించింది. పది తీసేసరికి అక్క కాళ్ళు వణికితే, పక్కన నన్ను కూడా తీయమంది. నా కాళ్ళు ఆరుకే వణికాయి. నడుం వంచడం, మోకాళ్ళు మడవడం, చేతులు పైకెత్తడం, ఇప్పుడు క్లినిక్కుల్లో వీటన్నిటికీ ఇంగ్లీషు పేర్లున్నాయి. గోడకి బొమ్మలేసి పెడతారు. మామ్మ దగ్గర వీటి పేర్లు నీళ్ళు, పప్పు, చీపురు. పని అయ్యేసరికి అమ్మ తిట్టుకుంటూ పెసరట్లు పోసేది, ఎందుకంటే ఇంట్లో అవసరానికి మించి పప్పు రుబ్బు ఉండేది. అక్క మూడు తినేది. అది పత్యమా కాదా అని ఎవరూ అడగలేదు.

అయితే అక్క ఇంకా మాట్లాడేది కాదు. అడిగినదానికి జవాబు, అంతే. అమ్మ సంగతి ఇంకా అన్యాయం. వంట, మందులు, బట్టలు అన్నీ చేసేది. అక్కని ముట్టుకునేది మాత్రం కాదు. గ్లాసు ఇచ్చేటప్పుడు కూడా వేళ్ళు తగలకుండా బల్ల మీద పెట్టేది. తగిలితే ఇద్దరిలో ఎవరో ఒకరు విరిగిపోతారని భయం. ఇది నేను ఇప్పుడు రాస్తున్న మాట. అప్పుడు మాత్రం, అమ్మకి శుభ్రం ఎక్కువైందనుకున్నాను.

మామ్మ మొదలుపెట్టిన రెండో వారంలో అనుకుంటాను, వీపు మధ్యలో ఆగి, చేతులు దులుపుకుని, "నా బొటనేలు నొప్పెడతన్నాది" అంది. "అమ్మా, నువ్వు రా. నాను సెప్తాను, నువ్వు రుద్దు."

"నాకు రాదప్పా" అంది అమ్మ గుమ్మం దగ్గర నుంచి.

"రాపోడానికి ఇదేటి హార్మనీయా? నూనె పోసుకో. కూకో."

అమ్మ కూర్చుంది. అక్క వీపు మీద చెయ్యి వేసింది. చెయ్యి అక్కడే ఉండిపోయింది. మామ్మ అమ్మ మణికట్టు పట్టుకుని, కిందకీ పైకీ నడిపించింది, చిన్నపిల్ల చేత పలక మీద దిద్దించినట్టు. మెల్లగా అమ్మ చేతికి దారి తెలిసింది. ఎడమ భుజం రెక్క కింద ఒకచోట అమ్మ బొటనవేలు ఆగింది.

"ఇక్కడేదో ఉందప్పా. రాయిలా ఉంది. ఇదెవరు?"

"దానికి నాను పేరెట్టను" అంది మామ్మ. "అది నా సేతికి మొదటి రోజే తగిలింది. నా నోటితో సెప్పీది కాదు."

బయట నాన్న కీర్తనల్లో ఎక్కడున్నాడో గానీ అక్కడే ఆగిపోయాడు. అక్క మొహం దిండులోకి పెట్టుకునే ఉంది.

"స్నేహ" అంది.

ఎవరికీ తెలియదు, అక్క పేరు అనుకుని ఉంచుకుందని. బావకి కూడా తెలియదట. అమ్మ చెయ్యి తీసేయబోయింది.

"ఆపకమ్మా" అంది అక్క. "గట్టిగా నొక్కు."

అమ్మ నొక్కింది. ఇద్దరూ ఏడ్చారు. సినిమాల్లోలా కాదు, అక్కకి ముక్కు కారింది, అమ్మ నూనె చేత్తో కళ్ళు తుడుచుకుంటే అందులోని వెల్లుల్లి ఘాటుకి కళ్ళు మండి ఇంకా ఏడ్చింది. మామ్మ మాత్రం, నొప్పెడుతున్నదన్న ఆ బొటనవేలితోనే ఒక బిస్కెట్ ప్యాకెట్టు చించి, గుమ్మంలో కూర్చుని నాలుగు తింది. నేను మరిగిన నీళ్ళ గిన్నె పట్టుకుని ఎంతసేపు నిలబడాలో తెలియక, "మరి నేనే ముడిలో ఉన్నాను? నా పేరు ఎవరూ చెప్పలేదు" అన్నాను.

"నువ్వు ముడివి కాదే" అంది అక్క దిండులోంచి. "నడుం దగ్గిర కొవ్వువి."

నా ఉద్యోగం నాకు తిరిగొచ్చింది. గిన్నె కింద పెట్టి వంటింట్లోకి వెళ్ళి నేను కూడా కొంచెం ఏడ్చాను. దానికి కారణం పొగ.

మామ్మ చేతిలో ఏదో మహిమ ఉందని రాస్తే బాగుంటుంది గానీ, లేదు. ఎదురింటాయన గేదె తన్ని మణికట్టు విరగ్గొట్టుకుంటే, ఆవిడ అది బెణుకే అనుకుని రెండు రోజులు రుద్ది గుమ్మడికాయంత వాపు తెప్పించింది. ఆయన తర్వాత కట్టు కట్టించుకుని ఆరు వారాలు ఆవిడని తిట్టుకున్నాడు. ఇప్పుడైతే అక్కలాంటి వాళ్ళకి ఏమైందో చెప్పడానికి పేర్లున్నాయి, మందులున్నాయి, కూర్చోబెట్టి మాట్లాడే మనుషులున్నారు. చాలా ఆసుపత్రుల్లో బిడ్డని తల్లి చేతికి ఇస్తున్నారట, ఎంతసేపు కావాలంటే అంతసేపు. ఇవన్నీ అప్పుడు ఉంటే బాగుండేదని నేను మనస్ఫూర్తిగా అంటాను. పాత రోజులే మంచివనే వాళ్ళ మధ్య నేను ఎక్కువసేపు కూర్చోలేను. కానీ ఇప్పుడు మేము, అంటే నేనూ మా ఆఫీసు వాళ్ళూ, నెలల తరబడి ఇంకో మనిషి చెయ్యి తగలకుండా బతికేస్తున్నాం. నొప్పికి అంకె చెప్పడం నేర్చుకున్నాం. ఒక మనిషి వీపు మీద చెయ్యి వేసి, ఎక్కడ ఆగాలో తెలిసి ఆగడం ఎవరికి వచ్చని వెతికితే, నా ఫోన్లో ఉన్న మూడు వందల పేర్లలో ఒక్క అక్క పేరే తగులుతుంది. అక్కకి యాభై దగ్గర పడుతోంది. పాయకరావుపేటలో టైలరింగ్ షాపు నడుపుతుంది, ఇద్దరు పిల్లల్ని పెంచింది, గ్యాస్ బండ ఇప్పటికీ తనే ఎత్తుతుంది.

ఆ రోజుల్లో చివరగా జరిగింది ఇది. ఒక పొద్దున్న మామ్మ సీసా మూత బిగించి, "రేపట్నించి నాను రాను. నువ్వే మా ఇంటికి రా. నడిసి రా" అంది. ఎక్కడికి అని అక్క అడగలేదు. మామ్మ ఇల్లు మాకు మైలున్నర. దారిలో జీడితోట, దాన్ని దాటితే సమాధుల తోట. ఆవిడ కావాలనే ఆ దారిన రమ్మందని అమ్మ అంటుంది. ఆవిడ ఇంటికి ఇంకో దారి లేదని నేనంటాను. మొదటి రోజు అక్క నాలుగుచోట్ల ఆగింది. సమాధుల తోట గేటు వచ్చేసరికి తల తిప్పుకుని నడిచింది. రెండో రోజూ అంతే. తర్వాత ఒక రోజు ఆగి గేటు పట్టుకుని నిలబడింది. "ఎక్కడ?" అంది. నాకు తెలుసు, తర్వాత రాయి పెట్టించిన రోజు నాన్నతో కలిసి వెళ్ళాను. చూపించాను. నాన్న సున్నం వేయించిన చిన్న రాయి. అక్క దాని పక్కన నేల మీద కూర్చుంది. నెల క్రితం నేల మీద కూర్చోవాలంటే ఇద్దరు మనుషులు కావలసిన అక్క. ఎంతసేపు కూర్చుందో నేను లెక్కపెట్టలేదు. గోడ మీదికి ఎక్కుతున్న మేకల్ని తోలుతున్నాను. లేచేటప్పుడు అలవాటుగా చెయ్యి అందించాను. "తియ్యి, అడ్డం" అంది. తన మోకాలి మీద తనే చెయ్యి ఆనించి లేచి, చీర దులుపుకుని, మామ్మ ఇంటి వైపు నడిచింది. నేను వెనక పరిగెత్తాను.

ఆ సాయంత్రం నాన్న వరండాలో బల్ల ముందున్నాడు. అక్క వచ్చి ఎదురుగా నిలబడింది. నిటారుగా.

"నాన్నా, సమాధుల రిజిస్టరు తియ్యి."

నాన్న తీశాడు. పేజీ వెతకాల్సిన పని లేదు, దానంతటదే తెరుచుకుంది. 'కరుణ గారి ఆడ శిశువు' అని గుండ్రటి దస్తూరీ.

"పేరు రాయి. స్నేహ అని."

"బాప్తిస్మం కాకుండా పేరు రాయకూడదమ్మా. సంఘం రూలు."

"ఆ రూలు రాసింది ఎవరు?"

నాన్న కళ్ళజోడు సరిచేసుకున్నాడు. "కమిటీ చెప్పింది, నేను రాశాను."

"అయితే ఇదీ నువ్వే రాయి. కమిటీకి నేను చెప్తాను."

నాన్న కలం తీశాడు. మూత తీసి, కాగితం మీద పెట్టాడు. చెయ్యి వణికింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ వణికింది. ఆ రోజు ఆసుపత్రి నుంచి పాపని ఎత్తుకెళ్ళింది ఆ చేతులే అని నాకు అప్పుడు తట్టింది. అక్క కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. నాన్న చేతిలోంచి కలం తీసి బల్ల మీద పెట్టి, చొక్కా చెయ్యి పైకి మడిచి, బొటనవేలి కింద కండ దగ్గర తన బొటనవేలు ఆనించింది.

"ఇక్కడ పట్టేసింది" అంది. "నొప్పిగా ఉంటే సెప్పు."

నాన్న గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు. అక్క మణికట్టు దాటి మోచేతి దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది. అమ్మ బియ్యం చేట పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది. నాకు ఒక జోకు తట్టింది. మంచి జోకు, ఇప్పటికీ గుర్తుంది. వేయలేదు.

కాసేపటికి నాన్న వేళ్ళు వదులయ్యాయి. కలం తీసుకుని, 'ఆడ శిశువు' అన్నదాని పైన, వరసకి కొంచెం పక్కగా, 'స్నేహ' అని రాశాడు. ఇంకు ఆరేదాకా ఊదాడు. రిజిస్టరు మూయబోతుంటే అక్క ఆపి, రెండో చెయ్యి కూడా ఇమ్మంది.